టేపుతో టెన్నిస్ కోర్టులోకి: కోర్టు కొలతలు, క్రీడాకారుల దినచర్య

పిల్లవాణ్ణి టెన్నిస్‌లో చేర్చాలనుకునే తల్లిదండ్రులు గుంటూరులో గానీ బెజవాడలో గానీ ముందుగా అడిగేది నెలకు ఫీజు ఎంత అని, ఆ తరువాత అడిగేది ఏ కంపెనీ బ్యాట్ కొనమంటారు అని. కోర్టు దేనితో వేశారు, ఏ దిక్కుకు ఉంది, వాన పడితే నీరు ఎంతసేపటికి పోతుంది అని అడిగినవారు నాకు ఇంతవరకు ఒకరిద్దరే తారసపడ్డారు. టీవీలో వింబుల్డన్ చూసే పిల్లలదీ అదే వరస. పెద్ద ఆటగాళ్ళ కార్ల గురించి, గడియారాల గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతారు గానీ, వాళ్ళు రాత్రి ఎన్నింటికి పడుకుంటారో, మ్యాచ్‌కు ఎంతసేపటి ముందు అన్నం తింటారో చెప్పలేరు. కోర్టును ఎలా చూడాలి, ఆటను వృత్తిగా తీసుకున్నవారి దినచర్యలో మన ఊరి ఎండకూ మన వంటింటికీ సరిపడేది ఏది అన్న రెండు విషయాలను ఈ వ్యాసంలో కలిపి రాస్తున్నాను. రెండూ కొలత మీద నిలిచినవే కాబట్టి వాటిని విడదీయాలని నాకు అనిపించలేదు.

నేను ఈ ఆటతో జీవనం సాగించినవాణ్ణి కాను. గుంటూరులో ఉద్యోగం చేసుకుంటూ తెల్లవారుజామున ఆడుకునే మనిషిని. మా కాలనీలో కోర్టు వేయించే బాధ్యత నా నెత్తిన పడినప్పుడు చేసిన తప్పుల వల్ల కొంత, మా అబ్బాయిని నాలుగైదేళ్ళ పాటు పోటీలకు తిప్పడం వల్ల కొంత నేర్చుకున్నాను.

స్థలం, దిక్కు, నేల

టెన్నిస్ కోర్టు 78 అడుగుల పొడవు, డబుల్స్‌కు 36 అడుగుల వెడల్పు ఉంటుందని చాలామందికి తెలుసు. అది గీతల కొలత మాత్రమే. ఆటగాడు బేస్‌లైన్ (కోర్టు చివర ఉండే అడ్డగీత) వెనక నిలబడి ఆడతాడు, పక్కకు పోయే బంతి కోసం గీత దాటి పరిగెత్తుతాడు. అందువల్ల ఒక్కొక్క బేస్‌లైన్ వెనక 21 అడుగులు, ఒక్కొక్క పక్క 12 అడుగులు ఖాళీ వదలాలని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య సూచిస్తుంది. అంతా కలిపితే 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు, అంటే 7,200 చదరపు అడుగులు. మన లెక్కలో 800 గజాలు, పదహారున్నర సెంట్లు. అపార్ట్‌మెంట్ల బ్రోచర్లలో కోర్టు బొమ్మ చూసి మురిసిపోయే ముందు, బేస్‌లైన్‌కూ ప్రహరీగోడకూ మధ్య ఎన్ని అడుగులున్నాయో వెళ్ళి కొలుచుకోవాలి. పది అడుగులే ఉంటే పిల్లవాడు వెనక్కు జరగడం మానేసి, ప్రతి బంతినీ గోడ భయంతో ముందుకు వచ్చి కొట్టడం అలవాటు చేసుకుంటాడు. ఆ అలవాటు పెద్ద కోర్టుకు వెళ్ళాక కూడా ఒక పట్టాన పోదు.

కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. మన ప్రాంతంలో ఎండ దెబ్బకు అందరూ ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం అయిదు తరువాత మాత్రమే ఆడతారు. సరిగ్గా ఆ వేళల్లోనే సూర్యుడు తూర్పున గానీ పడమట గానీ కిందకు ఉంటాడు. తూర్పు పడమరలుగా వేసిన కోర్టులో సర్వీసుకు బంతి పైకి వేసినవాడికి ఎండ తప్ప మరేమీ కనిపించదు.

ఇక నేల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా డబ్బు పోయింది అక్కడే. గుంటూరు చుట్టుపక్కలా, అమరావతి వైపూ నల్లరేగడి ఎక్కువ. పత్తికీ మిరపకూ బంగారం లాంటి ఆ మట్టి వానలకు ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. మా కాంట్రాక్టరు నల్లమట్టి మీద నేరుగా ఒక పొర గ్రావెల్ పరిచి, రోలర్ తిప్పించి, దాని మీద కాంక్రీటు పోయించాడు. మొదటి వేసవి బాగానే గడిచింది. రెండో వేసవి రోహిణి కార్తెలో సర్వీస్ బాక్సుకు (సర్వీసు బంతి పడవలసిన గడికి) అడ్డంగా వెంట్రుక మందాన ఒక గీత కనిపించింది. ఆగస్టు నాటికి అందులో చిటికెన వేలు పట్టేది, పైగా ఒక అంచు రెండో అంచు కంటే పైకి లేచింది. బంతి ఆ అంచు మీద పడితే ఎటు ఎగురుతుందో కొట్టినవాడికీ తెలియదు, కాచుకున్నవాడికీ తెలియదు. ఆయన్ని అడిగితే ఎండలు ఎక్కువగా ఉన్నాయన్నాడు. ఎండలు ఎక్కువన్న సంగతి బెజవాడ, గుంటూరు మనుషులకు ఒకరు చెప్పాలా!

చేయవలసిన పద్ధతి ఇది. ముందుగా మట్టి పరీక్ష చేయించి, నల్లమట్టిని ఎంత లోతుకు తీయాలో ఇంజనీరుతో తేల్చుకోవాలి (మేము రెండోసారి మూడడుగులు తీయించాము). ఆ గుంతను ఉబ్బని గ్రావెల్‌తో అరడుగు మందాన పొరలు పొరలుగా నింపుతూ, ప్రతి పొరనూ నీళ్ళు చల్లి రోలర్‌తో గట్టిపరచాలి. దాని మీద కంకర పొర, ఆపైన కాంక్రీటు గానీ తారు గానీ వస్తుంది. చుట్టూ కాలువ తప్పనిసరి. కోర్టు అంచు కింద ఒక పక్క తడి, ఒక పక్క పొడి ఉన్నప్పుడే చీలికలు మొదలవుతాయి. అదే కారణం చేత కోర్టు పక్కనే చెట్లు నాటకూడదు, వాటి వేర్లు కిందనున్న తడిని లాగేస్తాయి. కాంక్రీటు పోసిన తరువాత నీళ్ళు కట్టడానికీ ఆరడానికీ కలిపి 28 రోజులు ఆగాలి, అంతకు ముందే రంగు వేయిస్తే పొక్కులు లేస్తాయి. ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టుకుని ఆ 28 రోజులను పన్నెండు రోజులకు కుదించిన కమిటీని నేను చూశాను, అందులో నేనూ సభ్యుణ్ణే.

వాలు కూడా అడగవలసిన విషయమే. సింథటిక్ కోర్టు (కాంక్రీటు లేదా తారు మీద ఇసుక కలిపిన రంగు పూసిన హార్డ్ కోర్టు) కంటికి సమంగా కనిపించినా, ఒక పక్క నుంచి రెండో పక్కకు నూటికి ఒక వంతు లేదా అంతకంటే కొంచెం తక్కువ వాలు ఉండాలి. అంటే 60 అడుగుల వెడల్పులో ఒక అంచు రెండో అంచు కంటే ఆరేడు అంగుళాలు కిందకు ఉంటుంది. మధ్యలో ఎత్తుగా ఉంచి రెండు వైపులకూ వాలు ఇవ్వడం రోడ్డుకు సరిపోతుంది గానీ కోర్టుకు పనికిరాదు. పరీక్షించడం తేలిక. కోర్టంతా నీళ్ళు పట్టి, ఒక గంట ఆగి చూడండి. ఎక్కడైనా రెండు మిల్లీమీటర్ల లోతున, అంటే దాదాపు ఒక నాణెం మునిగేంత నీరు నిలిచి ఉంటే అక్కడ పల్లం ఉన్నట్టే. అకాడమీలో చేర్చే ముందు ఈ పరీక్ష చేయించడం కుదరదు కాబట్టి, వాన వెలిసిన గంటకు అటువైపుగా ఒకసారి వెళ్ళి రండి.

గీతలు, నెట్టు

గీతలు గీయడానికి కావలసినవి రెండు పొడవైన టేపులు, పురికొస, మేకులు, ముగ్గుపిండి, నలుగురు మనుషులు. బట్ట టేపు వాడకండి, లాగితే సాగుతుంది. మేస్త్రీలు మూలమట్టం పెట్టి మూల కొడతామంటారు. రెండడుగుల మూలమట్టంతో 39 అడుగుల గీతను నమ్ముకుంటే చివరకు వచ్చేసరికి నాలుగైదు అంగుళాల తేడా రావడం మామూలు. దానికి బదులు, నెట్టు గీత మీద 36 అడుగుల దూరంలో రెండు మేకులు కొట్టండి. ఒక మేకు నుంచి 39 అడుగులు, రెండో మేకు నుంచి ఐమూలగా 53 అడుగుల ఒక అంగుళం పట్టి, రెండు టేపులూ ఎక్కడ కలుస్తాయో అక్కడ మూడో మేకు కొడితే అదే బేస్‌లైన్ మూల. ఇలా నాలుగు మూలలూ పట్టిన తరువాత రెండు బేస్‌లైన్లనూ కొలవాలి. రెండూ 36 అడుగులు వస్తే మిగిలిన పని సులువు. పక్క గీతల నుంచి నాలుగున్నర అడుగులు లోపలికి వస్తే సింగిల్స్ గీత, అంటే సింగిల్స్ వెడల్పు 27 అడుగులు. నెట్టు నుంచి 21 అడుగుల దూరంలో సర్వీస్ లైన్. ఆ సర్వీస్ లైన్ నడిమధ్య నుంచి నెట్టు వరకు సెంటర్ లైన్.

ఇక్కడ మా మేస్త్రి చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. కొలతలన్నీ గీత బయటి అంచు వరకు లెక్క. సెంటర్ లైన్‌కు మాత్రం గీత నడిమధ్యకు లెక్క. గీత కూడా కోర్టులో భాగమే కాబట్టి గీతను తాకిన బంతి లోపల పడినట్టే. మా మేస్త్రి లోపలి అంచుకు కొలిచి, దాని బయట రెండంగుళాల గీత వేశాడు. రెండు పక్కలా కలిపి నాలుగు అంగుళాలు పెరిగింది. నేను అభ్యంతరం చెబితే, "నాలుగంగుళాలకి ఏమవుద్దండీ, ఇంత పెద్ద గ్రౌండులో" అన్నాడు. టెన్నిస్ బంతి వ్యాసం సుమారు రెండున్నర అంగుళాలు. ఒక పక్క రెండంగుళాలు పెరిగిన కోర్టులో సాధన చేసిన పిల్లవాడి మంచి బంతులు పోటీలో అన్నీ బయటే పడతాయి. సెంటర్ లైన్ రెండంగుళాలు, బేస్‌లైన్ నాలుగంగుళాల వరకు, మిగిలినవి ఒకటి నుంచి రెండంగుళాల వెడల్పు ఉండవచ్చు.

నెట్టు మధ్యలో మూడడుగులు, స్తంభాల దగ్గర మూడున్నర అడుగులు ఉండాలి. స్తంభాలు డబుల్స్ గీతకు మూడడుగులు బయట పాతాలి. మధ్య ఎత్తు చూడడానికి బట్టల కొట్లో గజం బద్ద చాలు, గజం అంటే సరిగ్గా మూడడుగులే కదా. మా క్లబ్బులో మార్కర్‌గా (సభ్యులతో ఆడుతూ కోర్టు చూసుకునే మనిషిగా) పనిచేసే పెద్దాయన ప్రతి ఉదయం ఆ బద్దను నెట్టు కింద నిలబెట్టి, నడుమ ఉన్న పట్టీని ఒక రంధ్రం బిగించి గానీ వదిలి గానీ, ఆ తరువాతే బంతుల బుట్ట బయటకు తెస్తాడు. మధ్యలో ఆరంగుళాలు తగ్గడం చిన్న విషయం కాదు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఐమూలగా కొట్టే బంతి ఆ పల్లం మీదుగా పోతుంది, పైగా సింగిల్స్ కోర్టులో దానికి 78 అడుగులకు బదులు 82న్నర అడుగుల దారి దొరుకుతుంది. కోచ్‌లు క్రాస్‌కోర్టు కొట్టమని అరవడం వెనక ఉన్నది ఈ లెక్కే. నెట్టు సాగి వదులైన కోర్టులో పిల్లవాడు ఈ లెక్కను శరీరంతో నేర్చుకోలేడు.

పదేళ్ళ లోపు పిల్లలకు ఈ పూర్తి కోర్టు అసలు అవసరం లేదు. ఎర్ర బంతితో 36 అడుగుల చిన్న కోర్టు, తరువాత నారింజ బంతితో 60 అడుగుల కోర్టు, ఆపైన ఆకుపచ్చ బంతితో పూర్తి కోర్టు అని మూడు మెట్లున్నాయి. ఎర్ర బంతి మామూలు పసుపు బంతి కంటే 75 శాతం, నారింజ 50 శాతం, ఆకుపచ్చ 25 శాతం నెమ్మదిగా వస్తుంది. పదేళ్ళలోపు పోటీల్లో పసుపు బంతి వాడకూడదని 2012 నుంచి అంతర్జాతీయ నియమం ఉంది. ఏడేళ్ళ పిల్ల చేతిలో పెద్దవాళ్ళ 27 అంగుళాల బ్యాట్, ఎదురుగా తల మీదుగా ఎగిరే పసుపు బంతి కనిపించిన అకాడమీలో ఫీజు ఎంత తక్కువైనా చేర్చవద్దనే నా సలహా.

ఏ కోర్టు మీద ఏమి మారుతుంది

మట్టి కోర్టు మీద బంతికి ఒరిపిడి ఎక్కువ, అందువల్ల వేగం తగ్గి ఎత్తుగా లేస్తుంది. పచ్చిక మీద జారి కిందగా, వేగంగా వస్తుంది. సింథటిక్ కోర్టు ఈ రెంటి మధ్య ఉంటుంది. రంగులో కలిపే ఇసుక ఎంత గరుకుగా ఉంటే అంత నెమ్మది. ప్యారిస్‌లోని రోలాండ్ గారోస్ కోర్టు చూడడానికి ఎర్రమట్టిలా కనిపించినా, సున్నపురాతి పొర మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన చల్లిన ఇటుకపొడి అది. వింబుల్డన్‌లో రైగ్రాస్ అనే గడ్డిని 8 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. ఆస్ట్రేలియన్ ఓపెన్ 1988లో పచ్చిక వదిలి హార్డ్ కోర్టుకు మారింది. యూఎస్ ఓపెన్ పచ్చిక నుంచి మట్టికి, 1978లో మట్టి నుంచి హార్డ్ కోర్టుకు మారింది. వృత్తి ఆటగాడు ఏడాది పొడవునా ఈ మూడింటి మధ్య తిరుగుతూ, బూట్ల అడుగు దగ్గర నుంచి అడుగు వేసే తీరు దాకా మార్చుకుంటాడు.

మన దగ్గర పాత క్లబ్బుల్లో మట్టి, కొత్త వాటిలో సింథటిక్ కనిపిస్తాయి. పిల్లల మోకాళ్ళకు మట్టి మెత్తన, ఖర్చుకు కూడా తక్కువ. కానీ దానికి రోజూ చాకిరీ కావాలి. సాయంత్రం ఆట ముగిశాక నీళ్ళు పట్టి, తెల్లవారుజామున రోలర్ లాగి, ఆట తరువాత గోనెపట్టాతో గానీ వలతో గానీ మట్టిని సమంగా లాగాలి. మే నెలలో రెండు రోజులు నీళ్ళు మానేస్తే పైపొర దుమ్మై లేచి పోతుంది. సింథటిక్‌కు ఊడ్చి కడగడం తప్ప పెద్దగా పని ఉండదు గానీ, మధ్యాహ్నం అది పెనంలా కాలుతుంది. సాయంత్రం అయిదుకు కూడా అరచేయి అయిదు క్షణాలు దాని మీద ఆనించలేకపోతే ఆట ఇంకో అరగంట వాయిదా వేయండి.

బంతుల పరీక్ష కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు. 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే కొత్త బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల వరకు లేవాలి. గోడ మీద పెన్సిలుతో రెండు గీతలు గీసుకుంటే చాలు. మోకాలి దగ్గరే ఆగిపోయే బంతులతో గంటలకొద్దీ కొట్టిస్తే మోచేతికి తిప్పలు తప్పవు.

వృత్తి ఆటగాడి రోజు మన ఇంట్లో

టెన్నిస్ ఆటగాడికి జీతం ఉండదు. గెలిచిన వారానికే బహుమతి డబ్బు; కోచ్, ఫిజియో, విమానం, హోటలు ఖర్చులు ఓడిన వారానికి కూడా తనవే. జనవరిలో మొదలైన సంవత్సరం నవంబరు దాకా సాగుతుంది. ర్యాంకు గడిచిన 52 వారాల పాయింట్ల మీద నడుస్తుంది కాబట్టి, నిరుడు ఇదే వారం గెలిచినవి ఈ వారం జారిపోతాయి. పత్రికల్లో కనిపించే కార్లు పైనున్న కొద్దిమందివి. మన ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని సంగతి చూడండి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, సనమ్ సింగ్‌తో కలిసి పురుషుల డబుల్స్ రజతం గెలిచాడు. తొమ్మిదేళ్ళ తరువాత 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్ రామనాథన్‌తో డబుల్స్‌లో మళ్ళీ రజతం. ముప్పయ్యయిదేళ్ళ వయసులో ఆ స్థాయిలో నిలబడడానికి ఎన్ని వేల సాధారణమైన ఉదయాలు కావాలో పిల్లలకు చెప్పవలసింది అది.

ఆ ఉదయం ముందు రాత్రి మొదలవుతుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. అయిదింటికి లేచి కోర్టుకు రావాలంటే తొమ్మిది లోపే పడుకోవాలి. మన ఊళ్ళలో ట్యూషన్ ఎనిమిదికి వదిలి, భోజనం తొమ్మిదిన్నరకు అయి, ఫోను పక్కన పెట్టేసరికి పదకొండు అవుతుంది. అటువంటి ఇంట్లో వారానికి ఆరు ఉదయాలు కాక మూడు ఉదయాలే కోర్టుకు పంపడం మేలు. నిద్ర చాలని పిల్లవాడి కాళ్ళు బంతి దగ్గరకు అర అడుగు ఆలస్యంగా చేరతాయి, కోచ్ దాన్ని బద్ధకం అనుకుంటాడు.

రెండోది ఎండ. ఎండకు శరీరం అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో ఒక్కసారిగా రోజుకు నాలుగు గంటల సమ్మర్ క్యాంపులో దించితే ఆ వ్యవధి దొరకదు. మొదటి మూడు రోజులు నలభై నిమిషాలు, ఆ తరువాత కొంచెం కొంచెంగా పెంచాలి. నీళ్ళ లెక్క వేసుకోవడానికి ఇంట్లో బరువు తూచే యంత్రం ఒకటి చాలు. ఆటకు ముందు 60 కిలోలున్న కుర్రవాడు గంట ఆడి, మధ్యలో అర లీటరు తాగి, చెమట తుడుచుకుని తూగితే 59.2 వచ్చిందనుకోండి. తగ్గిన 0.8కి తాగిన 0.5 కలిపితే గంటకు 1.3 లీటర్ల చెమట పోయిందన్నమాట. బరువులో రెండు శాతం, అంటే ఇతనికి 1.2 కిలోలు తగ్గితే ఆట దిగజారడం మొదలవుతుంది. అందువల్ల రెండు గంటల మ్యాచ్‌కు ఇంకా ఎక్కువ తాగాలని తెలుస్తుంది. ఆట తరువాత తగ్గిన ప్రతి కిలోకూ లీటరుంబావు నుంచి లీటరున్నర వరకు, ఒకేసారి కాక గంటా రెండు గంటల్లో తాగించాలి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఇందుకు చక్కగా సరిపోతుంది. ఓఆర్‌ఎస్ వాడితే పొట్లం మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందేమో చూసి, రాసినంత నీటిలోనే కలపాలి. ఉప్పు లేకుండా వట్టి నీళ్ళే అతిగా తాగించడం కూడా ప్రమాదమే. ఆడుతున్న పిల్లవాడు తికమకగా మాట్లాడినా, తూలినా అది ఎండదెబ్బగా భావించి, వెంటనే నీడకు చేర్చి ఒళ్ళంతా చన్నీళ్ళు పోస్తూ 108కి ఫోను చేయాలి. ముందు చల్లబరచడం, తరువాత ఆస్పత్రికి తరలించడం.

తిండి విషయంలో పెద్ద ఆటగాళ్ళను గుడ్డిగా అనుకరించవద్దు. నొవాక్ జొకోవిచ్ గోధుమ మానేశాడని విని ఇంట్లో చపాతీలు మాన్పించిన తండ్రి నాకు తెలుసు. జొకోవిచ్ తన శరీరానికి అది పడదని తేలాక మానేశాడు. ఆ కుర్రవాడికి అటువంటి ఇబ్బంది ఏదీ లేదు. మన భోజనంలో అన్నం రూపంలో పిండిపదార్థం పుష్కలంగా ఉంటుంది, తక్కువయ్యేది మాంసకృత్తులు. క్రీడాకారులకు రోజుకు శరీర బరువులో ప్రతి కిలోకూ 1.2 నుంచి 2 గ్రాముల వరకు మాంసకృత్తులు కావాలి. 60 కిలోల పిల్లవాడికి 72 గ్రాములు తక్కువలో తక్కువ. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. పొద్దున రెండు గుడ్లు, పెసరట్టు. మధ్యాహ్నం నీళ్ళపప్పు కాక గట్టి పప్పు, పెరుగు. సాయంత్రం ఉడికించిన శనగలు. రాత్రి చికెన్ గానీ చేప గానీ పనీర్ గానీ అనుకుంటే డబ్బాల్లో అమ్మే పొడులతో పని ఉండదు. మ్యాచ్‌కు మూడు గంటల ముందు భోజనం ముగియాలి. ఆ పూట గోంగూర పచ్చడి, ఆవకాయ వద్దు. గుంటూరులో ఈ మాట అనడం సాహసమే అయినా, మూడో గేములో ఛాతీ మంటతో వంగిపోయిన మా వాణ్ణి చూసినవాణ్ణి కాబట్టి అంటున్నాను. గంట ముందు రెండు ఇడ్లీలు, సెట్ల మధ్య ఒక చక్రకేళి సరిపోతాయి.

విశ్రాంతి కూడా ఆటలో భాగమే. పిల్లలు వారానికి ఎన్నేళ్ళ వయసుంటే అన్ని గంటలకు మించి ఒకే ఆట ఆడకూడదని క్రీడా వైద్యులు ఒక లెక్క చెబుతారు; పన్నెండేళ్ళవాడికి పన్నెండు గంటలు హద్దు. వారంలో ఒక రోజు బ్యాట్ ముట్టకూడదు. ఆ రోజు కృష్ణలో ఈత కొట్టనివ్వండి అని రాయాలని ఉంది గానీ, ఘాట్ల దగ్గర లోతు ఎవరికీ చెప్పిరాదు కాబట్టి ఈతకొలనుకే పంపండి. మ్యాచ్‌లో కూడా విరామాలకు కొలత ఉంది. పాయింటుకూ పాయింటుకూ మధ్య 25 క్షణాలు, వైపులు మారేటప్పుడు 90 క్షణాలు. రఫాయెల్ నడాల్ ఆడిన రోజుల్లో నీళ్ళ సీసాలను ఒకే తీరున పెట్టుకున్న వీడియోలు చూసి నవ్వుకునే పిల్లలకు ఆ 90 క్షణాలను ఎలా వాడుకోవాలో నేర్పాలి: కూర్చోవడం, తుడుచుకోవడం, రెండు గుక్కలు తాగడం, తరువాత సర్వీసు ఎటు వేయాలో తేల్చుకోవడం. దీన్ని ఇంట్లో గడియారం పెట్టి సాధన చేయించవచ్చు.

మందుల దగ్గర జాగ్రత్త చాలామందికి తెలియదు. పెద్ద ఆటగాళ్ళు ప్రతి రోజూ ఒక గంట తాము ఎక్కడ ఉంటారో డోపింగ్ అధికారులకు ముందే తెలియజేయాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు ఆ లెక్క తప్పితే, ఏ మందూ వాడకపోయినా నిషేధం పడవచ్చు. రష్యా క్రీడాకారిణి మరియా షరపోవా ఏళ్ళ తరబడి వాడుతున్న మెల్డోనియం అనే మందు 2016 జనవరి 1న నిషిద్ధ జాబితాలో చేరింది. ఆమె ఆ నెలలోనే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో పట్టుబడి, చివరకు పదిహేను నెలలు ఆటకు దూరమైంది. జలుబుకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని బిళ్ళల్లో ఉండే స్యూడోఎఫిడ్రిన్ కూడా పోటీ సమయంలో మోతాదు మించితే నిషిద్ధమే. జాతీయ స్థాయి పోటీలకు వెళ్ళే పిల్లవాడి మందుల చీటీని డాక్టరు గారికి క్రీడాకారుడని చెప్పి రాయించుకోవాలి, ఆ చీటీని దాచాలి.

పదో తరగతి దాటాక మన రెండు ఊళ్ళలోనూ కోర్టులు ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. పిల్లలు ఇంటర్ హాస్టళ్ళకు వెళ్ళిపోతారు. చదువు మానమని నేను చెప్పను. నూటికి తొంభైతొమ్మిది మందికి చదువే అన్నం పెడుతుంది. అయితే సాకేత్ అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి జట్టుకు ఆడాడన్న సంగతి ఆ వయసు పిల్లల తల్లిదండ్రులకు తెలిసి ఉండడం మంచిది. ఆ దారికి మార్కులూ కావాలి, పోటీల రికార్డూ కావాలి. అఖిల భారత టెన్నిస్ సంఘం 12, 14, 16, 18 ఏళ్ళ లోపు విభాగాల్లో పోటీలు నడుపుతుంది. జనన ధ్రువపత్రంలోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకేలా ఉన్నాయో లేదో నమోదుకు ముందే సరిచూసుకోండి.

పోటీలకు వెళ్ళేటప్పుడు ఒక రోజు ముందే ఊరు చేరి, ఆ కోర్టు మీద అరగంట నాకింగ్ (పాయింట్లు లెక్కపెట్టకుండా బంతులు కొట్టుకోవడం) చేయించాలి. గట్టింగ్ చేయించిన (తీగలు బిగించిన) బ్యాట్లు రెండు ఉండాలి, తీగ తెగితే మ్యాచ్ ఆగదు. తిరుగు టికెట్ ముందే తీయకండి. 32 మంది డ్రాలో మొదటి రౌండు ముగిసేసరికి 16 మంది సంచులు సర్దుకుంటారు, వారం చివరకు ఓడకుండా మిగిలేది ఒక్కరే. మా అబ్బాయి చెన్నైలో మొదటిసారి పొద్దున్నే ఓడినప్పుడు నేను ఆదరాబాదరాగా సెంట్రల్‌కు తీసుకువెళ్ళి, మధ్యాహ్నం పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ పెట్టెలో కూలేశాను. వాడు తినలేదు, నీళ్ళు తాగలేదు, గూడూరు దాటేసరికి రెండు కాళ్ళకూ కండరాలు పట్టేశాయి. తరువాతి నుంచి ఓడిన రోజుకూ గెలిచిన రోజుకూ ఒకే పట్టిక పెట్టుకున్నాము: పది నిమిషాల నడక, మజ్జిగ, గంటలోపు భోజనం, బట్టలు ఉతుక్కోవడం, అటుపైన రిజర్వేషన్ సంగతి.